ఐదు షిల్లింగుల గుడ్డకు ఉరి: 18వ శతాబ్దపు లండన్‌లో దొంగబట్టల బజారు

లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు 1674 నుంచి 1913 దాకా అచ్చయ్యాయి. ఇప్పుడవన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. 18వ శతాబ్దానికి చెందిన పేజీలు ఓ పది తిరగేస్తే చాలు, ఎటు చూసినా బట్టలే: రెండు లినెన్ చొక్కాలు, ఒక నూలు గౌను, మూడు జతల మేజోళ్లు, ఒక పట్టు రుమాలు, కొన్ని గజాల రిబ్బను. గడియారాలూ వెండి చెంచాలూ పోయిన కేసులూ ఉన్నాయి గానీ, పేదవాళ్లు బోనెక్కినప్పుడు మళ్లీ మళ్లీ వినిపించేది గుడ్డ మాటే. అది ఎలా పోయింది, తీసింది ఎవరు అన్నదే కోర్టు ముఖ్యంగా తేల్చాలనుకునేది. పోయాక ఎక్కడికి వెళ్లింది, ఎవరు కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నవి సాక్షుల మాటల మధ్య అలా వచ్చి పోతుంటాయి. దొంగతనం ఎందుకు అంతగా సాగిందో అర్థం కావాలంటే వెతకాల్సింది ఆ మాటల్లోనే.

ముందు గుడ్డ విలువ గురించి. లండన్‌లో మామూలు కూలీకి వారానికి 10 నుంచి 12 షిల్లింగులు వచ్చేవి, అదీ వారమంతా పని దొరికితే. (12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు.) ఓ మాదిరి గౌను కొనాలంటే ఆ వారం కూలీ మొత్తం అటే పోయేది. మరమగ్గాలు ఇంకా వాడుకలోకి రాలేదు. శతాబ్దంలో చాలాకాలం నూలు వడకడం, నేయడం, కుట్టడం అన్నీ చేతిపనే కాబట్టి చిన్న పిల్లల గౌను వెనక కూడా చాలామంది శ్రమ ఉండేది. పైగా పేదలకు బ్యాంకులు లేవు, మార్కెట్‌లో చిల్లర నాణేలకు ఎప్పుడూ కరువే. దాంతో నాలుగు డబ్బులు మిగిలితే బట్ట కొనుక్కునేవారు, కష్టం వస్తే దాన్నే కుదువ పెట్టేవారు. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లల ఫీజులకో ఆసుపత్రి ఖర్చుకో బంగారం తాకట్టు పెట్టడం ఎంత మామూలో, అప్పట్లో అక్కడ ఆదివారం వేసుకునే కోటును సోమవారం తాకట్టు దుకాణంలో పెట్టి శనివారం విడిపించుకోవడం అంత మామూలు. అందుకే బట్ట చేతికి దొరికిందంటే డబ్బు దొరికినట్టే.

దీని చుట్టూ పెద్ద పాతబట్టల వ్యాపారం నడిచేది. కొత్త బట్ట కుట్టించుకునే స్తోమత ఉన్నవాళ్లు తక్కువ, మిగతావాళ్లలో చాలామంది ఒకరు వేసుకున్నదే కొనుక్కునేవారు. మన్మత్ స్ట్రీట్ పాతబట్టల దుకాణాలకు పేరుమోసింది. లండన్ టవర్‌కి దగ్గర్లో రోజ్‌మేరీ లేన్‌లో జరిగే 'రాగ్ ఫెయిర్' ఇంకా కిందిస్థాయి బజారు. నేల మీద గుట్టలు పోసి, చేతుల మీద వేలాడదీసుకుని అమ్మేవారు, బేరమాడేవాళ్లతో వీధి కిక్కిరిసిపోయేది. ఇదంతా దొంగసొమ్ము అనుకోవడం తప్పు. యజమానులు పాత గౌన్లు, కోట్లు పనివాళ్లకు ఇవ్వడం అక్కడ ఆనవాయితీ, పనివాళ్లు వాటిని అమ్ముకునేవారు. చనిపోయినవాళ్ల బట్టలు, అప్పు తీర్చలేక వదిలేసుకున్న కుదువ బట్టలు, సైనికుల పాత కోట్లు కూడా అక్కడికే చేరేవి. కాబట్టి ఒక పనిమనిషి పట్టు గౌను తెచ్చి అమ్మితే అందులో వింతేమీ లేదు. దొంగ తెచ్చిన గౌను కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. దొంగతనానికి ఊపిరి పోసింది ఇదే: నిజాయితీగా అమ్ముకునే బట్టా, ఎత్తుకొచ్చిన బట్టా ఒకే చోట, ఒకే ధరకు, ఒకే మనుషుల చేతుల మీదుగా నడిచేవి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా పోకూడదు. పాతబట్టలు కొంటామని కేకేస్తూ వీధులు తిరిగే వ్యాపారుల్లో యూదులు చాలామంది ఉండేవారు. దొంగసొమ్ము కొన్నారంటే జనం ముందు వాళ్ల పేరే చెప్పేవారు, వాళ్ల మీద అప్పటికే ఉన్న ద్వేషం అలాంటిది. కోర్టు కాగితాలు చూస్తే కొన్నవాళ్లలో అన్ని రకాలవాళ్లూ కనిపిస్తారు: సారా కొట్టు నడిపే ఆవిడ, గది అద్దెకిచ్చే ఇంటావిడ, చాకలామె, పక్కింటివాళ్లు.

ఇప్పుడు దుకాణంలోకి వెళ్దాం. చీప్‌సైడ్, లడ్‌గేట్ హిల్, హోబోర్న్ లాంటి వీధుల్లో బట్టల కొట్లు వరుసగా ఉండేవి. సరుకు చాలావరకు బల్ల వెనక అరల్లో, పెట్టెల్లో ఉంటుంది, కొనేవాళ్లు అడిగితే తీసి చూపించాలి. దొంగలకు కలిసొచ్చింది ఈ పద్ధతే. ఎక్కువగా ఇద్దరు కలిసి వచ్చేవారు, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించే వేళ అయితే మరీ మంచిది. ఒకరు రిబ్బను చూపించమంటారు, ఇది వద్దు ఆ రంగు తీయండి అంటారు, ఇంకాస్త మేలురకం ఉందా అంటారు, బల్ల మీద చుట్టల మీద చుట్టలు పేరుకుంటాయి. దుకాణదారు వెనక్కి తిరిగి పై అర అందుకునే సరికి రెండో ఆవిడ పై అంగీ కిందకి ఒక తాను వెళ్లిపోతుంది. ఆ కాలం ఆడవాళ్లు జేబుల్ని విడిగా నడుముకు కట్టుకుని, పైన పరికిణీలు వేసుకునేవారు, చేతిరుమాళ్లో లేసు చుట్టో ఆ జేబుల్లోకి పోతే ఆనవాలు కూడా ఉండదు. చివరికి ఓ పెన్నీ పెట్టి ఏదో చిన్న వస్తువు కొని బయటపడేవారు, అనుమానం రాకుండా. మిగతా దొంగతనాలతో పోలిస్తే షాపు దొంగతనం కేసుల్లో ఆడవాళ్ల వాటా చాలా ఎక్కువ. బట్టల కొట్టులో గంటసేపు నిలబడి బేరమాడినా ఎవరూ అనుమానించనిది వాళ్లనే, బట్ట నాణ్యత చూసి ధర కట్టగలిగిందీ, తర్వాత దాన్ని ఎవరికి అమ్మాలో తెలిసిందీ వాళ్లకే.

కొట్టువాళ్ల గోల విని పార్లమెంటు 1699లో ఒక చట్టం చేసింది. దుకాణంలోంచి 5 షిల్లింగులు, ఆ పైన విలువ చేసే సరుకును గుట్టుచప్పుడు కాకుండా దొంగిలిస్తే ఉరే. 5 షిల్లింగులంటే కూలీకి మహా అయితే మూడు రోజుల సంపాదన. దొంగను కోర్టు దాకా లాగి శిక్ష వేయించినవాళ్లకు ఒక సర్టిఫికెట్ ఇచ్చేవారు. అది ఉంటే ఆ పేటలో జీతం లేకుండా చేయాల్సిన కొన్ని ఊరి పనుల నుంచి మినహాయింపు దొరికేది. ఉరికంబం ఉండే చోటు పేరు మీద జనం దాన్ని 'టైబర్న్ టికెట్' అనేవారు, దాన్ని ఒకరి నుంచి ఒకరు డబ్బిచ్చి కొనుక్కునేవారు కూడా.

చట్టం అంత కఠినంగా ఉన్నా అమల్లో అడుగడుగునా సడలింపే. ఉరి పడాలంటే దొంగతనం ఎవరి కంటా పడకుండా జరిగి ఉండాలి. దుకాణదారు "తీస్తుండగా నేను చూశాను" అంటే అది మామూలు దొంగతనం కిందకి వస్తుంది, ప్రాణం దక్కుతుంది. ఒక మనిషి బతుకు కొట్టువాడి ఒక్క మాట మీద ఆధారపడి ఉండేది. ఇక జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చునే పౌరుల బృందం, సంగతి. దొంగిలించిన సరుకు విలువ ఎంతో తేల్చే అధికారం వాళ్లది, దాన్ని వాళ్లు ధారాళంగా వాడుకున్నారు. పౌండ్లు చేసే సరుకును కూడా 4 షిల్లింగుల 10 పెన్నీలుగా లెక్కగట్టిన తీర్పులు కొల్లలు. ఇళ్లలో దొంగతనానికి 1713 నుంచి ఉరి హద్దు 40 షిల్లింగులు, అక్కడ జ్యూరీ 39 షిల్లింగులు అని రాసేది. దేవుడి మీద ప్రమాణం చేసి కూర్చున్న మనుషులు తెలిసి తెలిసి తప్పు విలువ చెప్పడాన్ని న్యాయకోవిదుడు బ్లాక్‌స్టోన్ కూడా ఒక రకం పుణ్యపు అబద్ధంగానే చూశాడు. పోలీసు శాఖ లేదు, అది 1829లో గానీ రాలేదు. పోగొట్టుకున్నవాడే సొంత ఖర్చుతో కేసు నడపాలి, రోజుల తరబడి కొట్టు మూసుకుని కోర్టు చుట్టూ తిరగాలి, ఆఖరికి మూడు గజాల గుడ్డ కోసం ఒక మనిషిని ఉరికంబం ఎక్కించాలి. చాలామంది కొట్టువాళ్లు సరుకు లాక్కుని, నాలుగు చీవాట్లు పెట్టి వదిలేసేవారు.

అలా వదిలేయనప్పుడు, జ్యూరీ కూడా కనికరించనప్పుడు ఏం జరిగేదో మేరీ జోన్స్ కేసు చెబుతుంది. 1771లో లడ్‌గేట్ హిల్ మీద ఒక బట్టల కొట్టులోంచి మస్లిన్ (సన్నని నూలుబట్ట) దొంగిలించిందని ఆమెను ఉరితీశారు. ఆరేళ్ల తర్వాత, 1777లో, విలియం మెరెడిత్ అనే సభ్యుడు పార్లమెంటులో ఆమె సంగతి ఎత్తాడు. ఆయన చెప్పిన ప్రకారం ఆమెకు ఇంకా 19 ఏళ్లు నిండలేదు. ఫాక్‌లాండ్ దీవుల విషయంలో స్పెయిన్‌తో యుద్ధం వస్తుందన్న హడావిడిలో ఆమె భర్తను బలవంతంగా నావికాదళంలోకి ఎత్తుకెళ్లారు. ఇంట్లో సామాను అప్పులవాళ్లు పట్టుకుపోయారు. ఇద్దరు పసిపిల్లలతో వీధిన పడింది. కొట్టులో గుడ్డ తీసి అంగీ కింద దాచబోయింది, పనివాడు చూశాడు, తిరిగి బల్ల మీద పెట్టేసింది. మెరెడిత్ చెప్పింది నిజమైతే ఇది మామూలు దొంగతనం కిందకే రావాలి, అయినా ఉరే పడింది. ఉరికి తీసుకెళ్తున్నప్పుడు చంటిబిడ్డ ఆమె రొమ్ము మీద ఉంది. తన భర్తను తీసుకెళ్లేదాకా తనకు ఏ లోటూ లేదని ఆమె చెప్పుకుందని కూడా మెరెడిత్ సభలో చెప్పాడు. ఇది చదివి మనసు కదలకపోతే ఇంకేది చదివినా కదలదు.

ఆ మస్లిన్ ఎక్కడిది? 1771 నాటికి ఇంగ్లండ్‌లో మస్లిన్ నేత ఇంకా నిలదొక్కుకోలేదు, మంచి సన్నబట్టంతా ఈస్టిండియా కంపెనీ ఓడల్లో భారతదేశం నుంచి, ముఖ్యంగా బెంగాల్ నుంచి వెళ్లేది. మన తీరం వాటా కూడా తక్కువేం కాదు. మచిలీపట్నం అద్దకం బట్టలు, నరసాపురం పక్కన మాధవాయిపాలెం, గోదావరి ఒడ్డున ఇంజరం చుట్టుపక్కల ఊళ్లలో నేసిన తెల్లబట్ట లండన్ దాకా చేరేవి. రంగు వెలవని, తేలిగ్గా ఉతుక్కోగలిగే ఆ అద్దకం బట్ట మీద అక్కడి ఆడవాళ్లకు ఎంత మోజంటే, తమ పొట్ట కొడుతోందని లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ పేట నేతగాళ్లు 1719లో వీధుల్లో అలాంటి గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి చింపేశారు, ఆమ్లం కూడా చల్లారు. 1721లో పార్లమెంటు అద్దకం నూలుబట్ట వేసుకోవడాన్నే నిషేధించింది. ఆ నిషేధం 1774 దాకా పూర్తిగా పోలేదు. యజమానురాలూ పనిమనిషీ ఒకేలా కోరుకునే బట్ట అది, అందుకే చేతికొచ్చిన గంటలో అమ్ముడైపోయేది. బెంగాల్ పట్టు రుమాళ్లను జేబుదొంగలు ఏరికోరి కొట్టేయడానికి కారణమూ ఇదే.

ఇక సరుకు చేతులు మారడం. దొంగ దగ్గర గుడ్డ ఒక్క రాత్రి ఉన్నా ప్రమాదమే, కాబట్టి ఆ సాయంత్రమే వదిలించుకోవాలి. ఈ తొందరే కొనేవాడికి వరం. అసలు విలువలో చిన్న వాటా దొంగ చేతిలో పడితే అదే గొప్ప. తర్వాత పని ఆనవాళ్లు చెరిపేయడం. ఇళ్లలో లినెన్ బట్టల అంచున చాకలికి గుర్తుగా యజమాని పేరులోని పొడి అక్షరాలు దారంతో కుట్టేవారు, ముందు ఆ కుట్టు విప్పేస్తారు. కొట్టు సరుకైతే దుకాణదారు రహస్య గుర్తు ఉన్న చీటీ తీసిపారేస్తారు, తానును రెండు మూడు ముక్కలు చేస్తారు. గౌను విప్పితే పరికిణీ అవుతుంది, పిల్ల ఫ్రాకు అవుతుంది. రంగు వేయిస్తే కుట్టినవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. అప్పుడు దుకాణదారు కోర్టులో నిలబడి "ఇది నా సరుకే" అని ప్రమాణం చేయాలంటే భయపడతాడు, అదే నేత, అదే అచ్చు ఊళ్లో ఇంకో వంద కొట్లలో ఉంటుంది మరి.

ఈ వ్యాపారాన్ని ఒక వ్యవస్థగా నడిపినవాడు జొనాథన్ వైల్డ్. దొంగల్ని పట్టిస్తానని పైకి చెప్పుకుంటూ, లోపల ఆ దొంగలతోనే పని చేయించేవాడు. సొమ్ము పోగొట్టుకున్నవాళ్లు తన ఆఫీసుకే వచ్చి రుసుము కట్టి, వివరాలు రాయించుకుని పోయేవారు. అమ్ముడుపోని సరుకును హాలండ్ పంపడానికి అతనికి సొంతంగా ఒక చిన్న ఓడ కూడా ఉండేది. చివరికి అతన్ని ఉరికంబం ఎక్కించింది ఒక షాపు దొంగతనమే. 1725 జనవరిలో హోబోర్న్ వంతెన దగ్గర లేసు అమ్మే కేథరిన్ స్టాథమ్ అనే ముసలావిడ కొట్టుకు ఒక మగ మనిషి, ఒక ఆడ మనిషి వచ్చారు. వాళ్లకు ఆ కొట్టు చూపించింది వైల్డే, ఆవిడకు చూపు సరిగా ఆనదని చెప్పింది కూడా అతనే. ఏ లేసు చూపించినా నచ్చలేదన్నారు. ఇంకో రకం తెస్తానని ఆవిడ మేడ మీదికి వెళ్లిన కాసేపట్లో లేసు ఉన్న రేకు పెట్టె మాయమైంది. సరుకు విలువ 40 పౌండ్లు. వైల్డ్ వీధి చివర కాచుకుని ఉన్నాడు. ఆవిడ 15 గినీల (గినీ అంటే 21 షిల్లింగులు) బహుమానం ఇస్తాం, ఏ ప్రశ్నలూ అడగం అని పత్రికలో ప్రకటన ఇచ్చి, ఎవరైనా చెప్పే సలహానే పాటించి, నేరుగా వైల్డ్ దగ్గరికే వెళ్లింది. కొన్ని వారాలకు 10 గినీలకు లేసు తిరిగొచ్చింది. దొంగతనం ఆరోపణ మీద వైల్డ్‌ను జ్యూరీ వదిలేసింది, అతను కొట్టులో అడుగు పెట్టలేదు కాబట్టి. దొంగను పట్టించకుండా సొమ్ము తిరిగి ఇప్పించి డబ్బు తీసుకోవడం నేరమని 1718లో చేసిన చట్టం కింద మాత్రం దొరికిపోయాడు. 1725 మే 24న టైబర్న్‌లో ఉరితీశారు.

వైల్డ్ పోయాక కూడా ఆ ప్రకటనలు ఆగలేదు. పోగొట్టుకున్నవాడికి కావాల్సింది సరుకు, శిక్షలు కావు. "ప్రశ్నలు అడగం" అని ప్రకటన ఇస్తే 50 పౌండ్ల జరిమానా అని 1752లో చట్టం తేవాల్సొచ్చింది. అదే కాలంలో బో స్ట్రీట్ మేజిస్ట్రేట్లు హెన్రీ ఫీల్డింగ్, అతని సవతి తమ్ముడు జాన్ ఫీల్డింగ్ ఇంకో దారి పట్టారు. దొంగతనం జరగ్గానే వివరాలు తమకు చెప్పమన్నారు, వాటిని పత్రికల్లో వేయించి, చీటీలుగా తాకట్టు దుకాణాలకు పంపేవారు. 1757 చట్టం తాకట్టు వ్యాపారి ప్రతి కుదువనూ పుస్తకంలో రాయాలంది: వస్తువు ఏమిటి, ఎంత ఇచ్చాడు, ఏ రోజు, తెచ్చినవాళ్ల పేరూ ఊరూ. ఆ శతాబ్దంలో జరిగిన వాటిలో ఇది నిజంగా పనికొచ్చిన మార్పు, గుడ్డ ఎటు నడిచిందో కాగితం మీద కనిపించింది. కోర్టు రికార్డుల్లో తాకట్టు కొట్టు పనివాళ్లు సాక్షులుగా అంత తరచుగా కనిపించడానికి కారణం ఈ పుస్తకాలే. అయితే పుస్తకం రాయని చిన్న కొట్లు వీధి వీధికీ ఉండేవి, పుస్తకం రాసేచోట తప్పుడు పేరు చెప్పడానికి అడ్డేమీ లేదు.

కొన్నవాడిని పట్టుకోవడంలోనే చట్టం దారుణంగా తడబడింది. లండన్ సిటీలో పగటిపూట అందరికీ తెరిచి ఉన్న దుకాణంలో, ఆ దుకాణం మామూలుగా అమ్మే సరుకును నిజాయితీగా కొంటే అది కొన్నవాడిదే అవుతుందని పాత న్యాయసూత్రం. తాకట్టువాళ్లకు ఈ రక్షణ లేదు, అసలు యజమాని దొంగకు శిక్ష వేయిస్తే సొమ్ము వెనక్కి అడగొచ్చు. ఆ రెండు మినహాయింపులూ తీసేస్తే కొన్నవాడి చుట్టూ గోడ కట్టినట్టే. దొంగసొమ్ము కొన్నందుకు 1718 నుంచి 14 ఏళ్ల ద్వీపాంతరవాసం వేయొచ్చు, నిజమే. కానీ ఆ శిక్ష పడాలంటే మొదట దొంగకు నేరం రుజువై శిక్ష పడాలి, ఆ తర్వాత కొన్నవాడికి అది దొంగసొమ్మని తెలుసని చూపించాలి. "పనిమనిషి తెచ్చింది, అమ్మగారు ఇచ్చిందంది, కొన్నాను" అంటే కాదని రుజువు చేయడం ఎవరి తరం? 1790లలో మేజిస్ట్రేట్ పాట్రిక్ కోల్‌హూన్ లండన్‌లో దొంగసొమ్ము కొనేవాళ్లు 3,000కు పైగా ఉన్నారని రాశాడు. ఆయన అంకెలు ఊహలే, లెక్కపెట్టినవి కావు. కొనేవాడు లేకపోతే దొంగ ఉండడని ఆయన చెప్పిన మాట మాత్రం సరైందే.

1789 జనవరిలో ఓల్డ్ బెయిలీ కోర్టు మేరీ వేడ్ అనే 11 ఏళ్ల పిల్లకూ, ఆమెతో ఉన్న ఇంకో పిల్లకూ ఉరిశిక్ష వేసింది. 8 ఏళ్ల పాపను మరుగుదొడ్డిలోకి తీసుకెళ్లి ఆమె ఒంటి మీది నూలు ఫ్రాకు, భుజాల మీది లినెన్ గుడ్డ, టోపీ ఒలిచేసుకున్నారు. ఆ పాపకు జరిగింది చిన్న అన్యాయం కాదు. ఫ్రాకు మాత్రం నేరుగా తాకట్టు కొట్టుకు వెళ్లింది. చిన్నపిల్ల తెచ్చిన చిన్నపిల్ల గౌనును బల్ల మీద పెట్టి డబ్బులిచ్చినవాడికి ఏ శిక్షా లేదు. రెండు నెలలకు ఉరి రద్దయి, మేరీని ఆస్ట్రేలియా పంపారు. 'లేడీ జూలియానా' ఓడలో 1790 జూన్‌లో సిడ్నీ చేరింది, ముసలితనం దాకా ఆస్ట్రేలియాలోనే బతికి 1859లో చనిపోయింది.

ఉరిని తీసేయాలన్న పోరాటాన్ని న్యాయవాది, పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ రోమిలీ భుజాన వేసుకున్నాడు. 1810లో షాపు దొంగతనానికి ఉరి తీసేసే బిల్లు పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో నెగ్గింది, ఎగువ సభ అయిన ప్రభువుల సభలో వీగిపోయింది. దేశపు ప్రధాన న్యాయమూర్తి ఎలెన్‌బరో దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు, కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌తో సహా ఏడుగురు బిషప్పులు వ్యతిరేకంగా ఓటేశారు. రోమిలీ 1818లో చనిపోయాడు. 1820లో 5 షిల్లింగుల హద్దును 15 పౌండ్లకు పెంచారు, 1823లో షాపు దొంగతనానికి ఉరే ఎత్తేశారు. ఆ పాటికి లాంకషైర్ మిల్లుల నూలుబట్ట చౌకై, పాత గౌనుకు తాకట్టు కొట్టులో వచ్చే డబ్బు కూడా పడిపోతోంది. దొంగ దొరకకపోయినా, దొంగకు శిక్ష పడకపోయినా, దొంగసొమ్ము కొన్నవాడిని విడిగా పెద్ద నేరం కింద విచారించవచ్చన్న నిబంధన మాత్రం 1827లో, రాజకీయ నాయకుడు రాబర్ట్ పీల్ దొంగతనాల చట్టాలన్నీ ఒకచోట చేర్చినప్పుడు గానీ రాలేదు.